పాట ఎవరిది, పద్దు ఎవరిది? అమెరికా నల్లవాళ్ల గాస్పెల్ పాట బజారుకెక్కిన చరిత్ర

దేవుని పాటను అమ్ముకున్నాడు అనే మాట చర్చి ఉన్న ప్రతిచోటా వినపడుతుంది. పాడేవాడికి కాస్త పేరొచ్చి చేతిలో నాలుగు డబ్బులు కనపడగానే ఈ మాట మొదలవుతుంది. అమెరికాలో నల్లవాళ్ల క్రైస్తవ సంగీతం, అంటే గాస్పెల్, నూటయాభై ఏళ్లుగా ఈ నింద మోస్తూనే నడిచింది. ఆ చరిత్రను కొంచెం దగ్గరగా చదివితే ఒక విషయం తేలుతుంది. పాట మొదటి నుంచీ అమ్ముడవుతూనే ఉంది. బడి అమ్మింది, చర్చి అమ్మింది, రికార్డు కంపెనీ అమ్మింది, రేడియో అమ్మింది. అమ్ముకున్నారన్న నింద మాత్రం పాడిన మనిషి ఒక్కడి మీదే పడింది. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్న పాటను అమ్మవచ్చా అమ్మకూడదా అని కాదు. అమ్మిన పాట తాలూకు పద్దు పుస్తకం ఎవరి చేతిలో ఉంది అని అడగాలి.

నల్లవాళ్ల చరిత్ర మనకు కొత్తేమీ కాదు. 1873లో జ్యోతిరావు ఫూలే తన 'గులాంగిరి'ని బానిసత్వం మీద పోరాడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1972లో బొంబాయి దళిత యువకులు బ్లాక్ పాంథర్స్‌ను చూసి దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల రాజకీయాలూ కవిత్వమూ మనం చదువుకున్నంతగా వాళ్ల పాట వెనక నడిచిన డబ్బు లెక్కను చదవలేదు. ఈ వ్యాసం ఆ లెక్క కోసం.

1. బడి కట్టిన పాట

బానిసత్వం పోయాక 1866లో టెన్నెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో ఫిస్క్ అనే బడి మొదలైంది. విడుదలైన బానిసల పిల్లలకోసం, పాత సైనిక ఆసుపత్రి షెడ్లలో మిషనరీలు పెట్టిన బడి అది. అయిదేళ్లు తిరక్కుండానే అప్పుల్లో పడింది. బడి కోశాధికారి జార్జ్ వైట్ అనే తెల్లాయన. సంగీతం నేర్పేదీ ఆయనే. 1871 అక్టోబరు 6న తొమ్మిది మంది విద్యార్థులను వెంటబెట్టుకొని పాట కచేరీలతో చందాలు వసూలు చేయడానికి బయలుదేరాడు. వాళ్లలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లు. జూబిలీ సింగర్స్ అనే పేరు తర్వాత పెట్టారు.

మొదట్లో వాళ్లు పాడింది తెల్లవాళ్ల కచేరీ పాటలు. జనం విని మెచ్చుకున్నారు గానీ పళ్లెంలో డబ్బులు పడలేదు. అమ్మానాన్నలు తోటల్లో, రహస్య ప్రార్థనల్లో పాడుకున్న బానిస పాటలు పాడటం మొదలుపెట్టాకనే డబ్బులు పడ్డాయి. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ పిల్లలు ఈ పాటల్ని బయటి జనం ముందు పాడటానికి సంకోచించారు. పియానో వాయిస్తూ బృందాన్ని నడిపిన ఎల్లా షెపర్డ్ తర్వాతి కాలంలో ఈ సంగతి రాసింది. అవి తమ పెద్దల ఆరాధన పాటలు, బానిసత్వపు చీకటిని గుర్తుచేసే పాటలు. వాటిని టికెట్టు కొన్నవాళ్ల ముందు పెట్టడం వాళ్లకు తేలిక కాలేదు.

అయినా పాడారు. 1872లో అధ్యక్షుడు గ్రాంట్ ముందు, 1873లో విక్టోరియా రాణి ముందు పాడారు. రాణి ముందు పాడిన ఈ పిల్లలకే తమ దేశంలో హోటళ్లలో గది ఇవ్వలేదు, రైల్లో మంచి పెట్టె ఎక్కనివ్వలేదు. ఏడేళ్లలో సుమారు 1,50,000 డాలర్లు తెచ్చారు. ఆ డబ్బుతో లేచిందే జూబిలీ హాల్. 1878 నాటికి గొంతులు పాడై, ఆరోగ్యాలు చెడి, బృందం విడిపోయింది. భవనం మిగిలింది. పాడినవాళ్లను ఆ రోజుల్లో ఎవరూ పాట అమ్ముకున్నారని అనలేదు. డబ్బు బడికి పోయింది గదా. ఒక సంస్థ కోసం పాట అమ్మితే సేవ, తన కడుపు కోసం అమ్మితే పాపం అనే కొలత అప్పుడే తయారైంది.

ఇంకొకటి కూడా అప్పుడే మొదలైంది. ముఖానికి మసి పూసుకొని నల్లవాళ్లను ఎగతాళి చేసే మిన్‌స్ట్రెల్ నాటకాల వాళ్లు ఈ పాటల్ని అనుకరించారు. జూబిలీ అనే పేరు పెట్టుకున్న బృందాలు ఎన్నో లేచాయి. పేరు మీద హక్కు లేకపోతే ఏమవుతుందో నల్ల గాయకులు తొలి దశాబ్దంలోనే చూశారు.

ఆ పాఠం నేర్చుకున్నవాడు ఫ్రెడెరిక్ లౌడిన్. ఒహాయోలో స్వతంత్రుడిగా పుట్టిన నల్లాయన, ఫిస్క్ బృందంలో గాయకుడు. బడి చేతులెత్తేశాక బృందాన్ని తన సొంత కంపెనీగా నడిపాడు. 1884 నుంచి 1890 దాకా ప్రపంచమంతా తిప్పాడు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ తిరిగి 1889-90లో మన దేశానికీ వచ్చారు, ఆ తర్వాత జపాన్ దాకా పోయారు. అవే పాటలు, పద్దు మాత్రం ఈసారి నల్లవాడి చేతిలో ఉంది.

2. డోర్సీ పాటలు, సాలీ మార్టిన్ లెక్కలు

ఇరవయ్యో శతాబ్దంలో లక్షలమంది నల్లవాళ్లు దక్షిణాది పొలాలు వదిలి షికాగో లాంటి ఉత్తరాది నగరాలకు చేరారు. 1920 తర్వాత రికార్డు కంపెనీలు వీళ్లకు అమ్మడానికే వేరుగా రికార్డులు తీశాయి. వాటిని 'రేస్ రికార్డులు' అనేవాళ్లు. దాదాపు అన్నీ తెల్లవాళ్ల కంపెనీలే. పాడినవాళ్లలో చాలామందికి ఒక్కో పాటకు ఇంత అని చేతిలో పెట్టి పంపేవాళ్లు. రికార్డు ఎన్ని అమ్ముడయినా మళ్లీ పైసా రాదు.

థామస్ డోర్సీ ఈ బజారులోనే రాటుదేలాడు. 1899లో జార్జియాలో ఒక ప్రసంగీకుడి ఇంట పుట్టాడు. 'జార్జియా టామ్' అనే పేరుతో బ్లూస్ వాయించాడు, మా రెయినీ వెనక పియానో పట్టాడు. 1928లో టంపా రెడ్‌తో కలిసి చేసిన ఒక చిలిపి పాట విపరీతంగా అమ్ముడయింది. అదే చేత్తో భక్తి పాటలూ రాసుకొని, కాగితాల మీద అచ్చువేసి, చర్చి చర్చికీ మోసుకుపోయేవాడు. చాలా చర్చీలు వెళ్లగొట్టాయి.

ఎందుకు వెళ్లగొట్టాయి? బ్లూస్ పాపపు సంగీతం అన్నారు. అసలు సంగతి వేరే కూడా ఉంది. షికాగోలో ముందే స్థిరపడి, చదువుకొని, మర్యాదస్తులమనిపించుకుంటున్న నల్లవాళ్ల చర్చీల్లో యూరపు సంగీతం పాడేవాళ్లు. పొలాల నుంచి నిన్నమొన్న వచ్చిన కూలీల చప్పట్లూ కేకలూ వాళ్లకు నామోషీ. డోర్సీ పియానోలో వాళ్లకు వినపడింది తాము మరిచిపోదామనుకున్న ఊరు. కర్ణాటక రాగాల్లో కీర్తనలు పాడుకుంటూ డప్పును గుమ్మం బయటే ఉంచిన మన చర్చీలు తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

1932 ఆగస్టులో డోర్సీ వేరే ఊళ్లో పాడుతుండగా భార్య నెట్టీ కాన్పులో చనిపోయింది. పుట్టిన బిడ్డా దక్కలేదు. ఆ దుఃఖంలో రాసిన 'ప్రెషస్ లార్డ్' ఆయన పాటలన్నిట్లోకీ పేరుపొందింది. ఈ కథ అందరూ చెబుతారు. అదే కాలంలో ఆయన చేసిన ఇంకో పని గురించి తక్కువ చెబుతారు. తన పాటలు తనే అచ్చువేసి అమ్మే సొంత ప్రచురణ సంస్థ పెట్టాడు. గాస్పెల్ బృందాలకు ఒక జాతీయ మహాసభను నిర్మించాడు. ఏటా జరిగే ఆ సభల్లో ఊరూరి క్వాయర్లు కొత్త పాటలు నేర్చుకునేవి. అంటే తమ బజారును తామే కట్టుకున్నారు.

ఆ పనిలో సాలీ మార్టిన్ అనే ఆడమనిషిది పెద్ద పాత్ర. జార్జియాలో పుట్టిన పేదరాలు, పెద్ద చదువు లేదు, నొటేషన్ చదవలేదు. డోర్సీ పాటలు పాడుతూ ఊళ్లు తిరిగింది, క్వాయర్లు పెట్టించింది. అమ్మకాల లెక్కాపత్రం లేకుండా నడుస్తున్న డోర్సీ దుకాణానికి ఒక పద్ధతి తెచ్చింది ఆమే. 1940లో బయటికొచ్చి కెన్నెత్ మోరిస్‌తో కలిసి 'మార్టిన్ అండ్ మోరిస్' అనే ప్రచురణ సంస్థ పెట్టింది. నల్లవాళ్ల గాస్పెల్ ప్రచురణలో పెద్ద సంస్థల్లో ఒకటిగా అది దశాబ్దాలపాటు నిలిచింది. గాస్పెల్ చరిత్ర రాసేవాళ్లు గొంతుల గురించి పేజీలు రాస్తారు, లెక్కలు చూసిన ఈమె గురించి రెండు వాక్యాలు రాసి వదిలేస్తారు. నా దృష్టిలో ఈ చరిత్రకు కీలకం ఆమె దగ్గరే ఉంది.

3. ఇద్దరు ఆడవాళ్లు, రెండు దారులు

రోసెట్టా థార్ప్ 1915లో ఆర్కన్సాలో కాటన్ ప్లాంట్ అనే ఊళ్లో పుట్టింది. తల్లి చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్‌లో సువార్తికురాలు. పసితనం నుంచీ గిటారు పట్టుకొని సభల్లో పాడింది. 1938లో న్యూయార్క్ కాటన్ క్లబ్‌లో, తాగే జనం ముందు, భక్తి పాట పాడింది. అదే ఏడు డెక్కా కంపెనీకి రికార్డులిచ్చింది. చర్చిలో గగ్గోలు పుట్టింది. తర్వాత లక్కీ మిలిండర్ బ్యాండుతో ఒప్పందం కుదిరాక భక్తికి సంబంధంలేని చిలిపి పాటలు కూడా పాడవలసి వచ్చింది. చర్చి ఆమెను క్లబ్బు మనిషి అన్నది. క్లబ్బుకేమో ఆమె చర్చి మనిషిగా ఉంటేనే గిరాకీ.

1951లో ఆమె పెళ్లి వాషింగ్టన్‌లో గ్రిఫిత్ స్టేడియంలో జరిగింది. టికెట్టు పెట్టి జరిపిన పెళ్లి అది. ఇరవై వేల పైచిలుకు జనం వచ్చారు. పెళ్లి తర్వాత కచేరీ. డెక్కా దాన్ని రికార్డు చేసి అమ్మింది. పేరు ప్రతిష్ఠలు మనిషి బతుకులో ఎంతదాకా చొచ్చుకొస్తాయో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? రెండేళ్ల తర్వాత ఆమె బ్లూస్ రికార్డు చేసినప్పుడు భక్తులు చాలామంది దూరమయ్యారు. 1973లో ఫిలడెల్ఫియాలో చనిపోయింది. దశాబ్దాలపాటు ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2008లో అభిమానులు కచేరీ పెట్టి డబ్బు పోగుచేశాకే రాయి పడింది. 2018లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు. ఎందరో తెల్ల గిటారిస్టులు కోటీశ్వరులయ్యాక వచ్చిన గౌరవం అది.

మహాలియా జాక్సన్‌ది ఇంకో దారి. 1911లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టి, పదహారేళ్లప్పుడు షికాగో చేరి, ఇళ్లలో పనిమనిషిగా, బట్టలుతికే మనిషిగా బతికింది. 1937లో డెక్కాకు పాడిన రికార్డులు అమ్ముడు కాలేదు. బ్లూస్ పాడు, డబ్బొస్తుంది అని చుట్టూ ఉన్నవాళ్లు చెబుతూనే ఉన్నారు. పాడనంది. ఆ కాదనటానికి భక్తి ఒక్కటే ఆసరా అనుకోకూడదు. ఆమె బ్యూటీ పార్లర్ నడిపింది, పూలకొట్టు పెట్టింది. తిండికి వేరే దారి చూసుకున్న మనిషే బజారుకు కాదని చెప్పగలదు.

1947లో అపోలో కంపెనీకి పాడిన 'మూవ్ ఆన్ అప్ ఎ లిటిల్ హైయర్'తో దేశమంతా పేరొచ్చింది. ఆ పాట రాసింది మెంఫిస్ పాస్టరు హెర్బర్ట్ బ్రూస్టర్. పాట తెలిసినవాళ్లలో ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువ. రాయల్టీల మీద కంపెనీతో గొడవలు పడి, 1954లో మహాలియా కొలంబియాకు మారింది. కచేరీ డబ్బు నోట్ల రూపంలో చేతికందాలని పట్టుబట్టేదని, డబ్బు మనిషి అని ఆమె మీద ఒక పేరు పడింది. చెక్కులు చెల్లక, నిర్వాహకులు రాత్రికి రాత్రి మాయమై మోసపోయిన గాయకుల తరం అది. పనిమనిషిగా బతికిన ఆడది తన కూలి చేతికందాకే పాడతాననటం అత్యాశ ఎట్లా అవుతుంది? ఆ డబ్బుతో షికాగోలో తెల్లవాళ్ల వీధిలో ఇల్లు కొంటే కిటికీల మీద తుపాకీ కాల్పులు జరిగాయి. దేశం మెచ్చిన గొంతుకైనా తెల్లవాళ్ల పొరుగున చోటు దొరకలేదు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో డోర్సీ పాట పాడింది ఆమే.

4. రెండు పేర్ల మనిషి

శామ్ కుక్ 1931లో మిసిసిపిలో పాస్టరు కొడుకుగా పుట్టాడు. ఇరవయ్యేళ్లు నిండే వేళకు సోల్ స్టిరర్స్ బృందంలో ప్రధాన గాయకుడయ్యాడు. చర్చీలు కిక్కిరిసేవి. ప్రేమ పాటలు పాడాలనిపించింది. పేరు మార్చి, 'డేల్ కుక్' అని వేసుకొని ఒక పాట విడుదల చేశాడు. అది తమ బృందం పాడిన దేవుని పాటకే మాటలు మార్చిన పాట. గొంతు తెలిసిన జనం ఇట్టే పట్టేశారు. 1957లో సొంత పేరుతో పాడిన 'యూ సెండ్ మీ' దేశంలో మొదటి స్థానానికి చేరింది. ఆ తర్వాత సోల్ స్టిరర్స్‌లోకి తిరిగి పోలేదు.

అమ్ముడుపోయినవాడి ఉదాహరణగా చర్చీల్లో ఆయన పేరు చెబుతారు. మిగతా కథ కూడా చెప్పాలి. ప్రేమ పాటలతో డబ్బొచ్చాక కుక్ పాత గాస్పెల్ గాయకుడు జె. డబ్ల్యూ. అలెగ్జాండర్‌తో కలిసి సొంత ప్రచురణ సంస్థ, 'ఎస్. ఏ. ఆర్.' అనే రికార్డు కంపెనీ నడిపాడు. అందులో రికార్డు చేసిన తొలి బృందాల్లో సోల్ స్టిరర్స్ ఉంది. బజారులో సంపాదించి తన వాళ్ల దేవుని పాటకు చోటు కట్టాడు. 1964లో, పౌరహక్కుల ఉద్యమపు రోజుల్లో, 'ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్' పాడాడు. అదే ఏడు డిసెంబరు 11న ముప్ఫయిమూడేళ్ల వయసులో తుపాకీ గుండుకు బలయ్యాడు. ఆయన కట్టుకున్న హక్కులు క్రమంగా ఆయన మేనేజరు ఆలెన్ క్లైన్ కంపెనీ చేతికి పోయాయి. ఒక మనిషి చేతిలో ఉన్న పద్దు ఆ మనిషితోనే పోతుందని, సంఘంగా కట్టుకున్నదే నిలుస్తుందని కూడా ఇక్కడ గమనించాలి. డోర్సీ మహాసభ ఆయన 1993లో చనిపోయాక కూడా నడిచింది.

5. బజారు కత్తెర

1960ల చివర కాలిఫోర్నియాలో ఎడ్విన్ హాకిన్స్ అనే యువకుడి క్వాయర్, సభలకు పోవడానికి దారిఖర్చుల కోసం చర్చిలోనే ఒక రికార్డు చేసి కొన్ని వందల కాపీలు వేసుకుంది. 1969లో అందులోని 'ఓ హ్యాపీ డే' రేడియోల్లో మోగి, బుద్ధా రికార్డ్స్ అనే కంపెనీ చేతిలో పడి, లక్షల్లో అమ్ముడయింది. సొంత సంఘంలో కొందరు పెద్దలు దాన్ని తప్పుపట్టారు. పిల్లలు దారిఖర్చులకు రికార్డు అమ్మినప్పుడు రాని అభ్యంతరం అది ప్రపంచమంతా మోగాక వచ్చింది.

ఆ తర్వాత క్రైస్తవ సంగీతం పెద్ద వ్యాపారమైంది. తెల్లవాళ్ల పాటకు 'సమకాలీన క్రైస్తవ సంగీతం' అని ఒక పేరు, ఒక జాబితా, పుస్తకాల షాపుల్లో ఒక అర. నల్లవాళ్లదానికి 'గాస్పెల్' అని ఇంకో పేరు, ఇంకో జాబితా. ప్రభువు ఒక్కడే, బజారు వీధులు మాత్రం రెండు. లాభం కనపడగానే లౌకిక కంపెనీలు దిగాయి. వర్డ్ అనే క్రైస్తవ రికార్డు సంస్థను 1974లోనే ఏబీసీ కొనేసింది. 1992లో స్పారో సంస్థను ఈఎంఐ కొన్నది.

ఈ పెద్ద బజారు ఒత్తిడి ఎట్లా ఉంటుందో కర్క్ ఫ్రాంక్లిన్ అనుభవం చెబుతుంది. 1993 నుంచి నల్ల గాస్పెల్‌ను హిప్‌హాప్ తరం దాకా తీసుకుపోయిన మనిషి. 2016లో డవ్ అవార్డు తీసుకుంటూ, పోలీసుల కాల్పుల్లో చనిపోయిన నల్లవాళ్ల గురించి, చనిపోయిన పోలీసుల గురించి కూడా, ప్రార్థించమన్నాడు. టీవీలో ఆ ముక్క కత్తిరించారు. 2019లో తన సొంత ఇంట్లోనే పోలీసు తూటాకు బలైన అటాటియానా జెఫర్సన్ పేరెత్తాడు. అదీ కత్తిరించారు. అప్పుడు ఆ అవార్డులనూ, ఆ చానెల్నూ బహిష్కరిస్తున్నానని ప్రకటించాడు. నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. పాట కావాలి, చప్పట్లు కావాలి, పాడేవాడి జనం చావు మాత్రం తెర మీదికి రాకూడదు.

6. మనకెందుకు?

1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అప్పటినుంచి తెలుగు చర్చిని నింపిన గొంతులు ఎక్కువగా మాల మాదిగల గొంతులే. గ్రామఫోను పోయి క్యాసెట్టు వచ్చింది, క్యాసెట్టు పోయి యూట్యూబు వచ్చింది. ప్రతి మలుపులోనూ కొందరికి పేరొచ్చింది, కొందరికి డబ్బొచ్చింది. వీళ్లూ వాళ్లూ ఒకరేనా? పాట కట్టినదెవరు, అట్ట మీద పేరెవరిది, హక్కుల కాగితం మీద సంతకమెవరిది? మన ఊళ్లలో ఈ మూడు ప్రశ్నలు ఎవరూ వేయలేదు. దేవుని పనికి లెక్క అడుగుతావా అంటారని భయం. ఫిస్క్ పిల్లల్ని అడగనివ్వనిదీ ఆ భయమే.

చట్టం సంగతి కూడా మన గాయకులకు తెలియాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాట పాడటం ఉల్లంఘన కాదు. అంటే ఆరాధనలో పాట అందరిదీ. అదే పాట రికార్డయి సంపాదిస్తే, రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో సమాన వాటా ఉండాలని 2012 సవరణ చెప్పింది. ఆ వాటాను కంపెనీకి రాసిచ్చేయటం చెల్లదని కూడా చెప్పింది. ఆరాధనకు ఉచితం, బజారుకు వాటా. పాట అమ్ముకున్నాడనే నిందకు ఇంతకంటే సూటి జవాబు లేదు.

ఇది చదివే విద్యార్థులకూ కార్యకర్తలకూ ఒక పని మిగిలే ఉంది. మన వాడల చర్చీల్లో డెబ్బయ్యేళ్లు దాటిన పాటగాళ్లు, పాటగత్తెలు ఉన్నారు. ఏ పాట ఎవరు కట్టారో, ఏ క్యాసెట్టుకు ఎవరు ఎంతిచ్చారో, ఎవరి పేరు ఎట్లా మాయమైందో వాళ్లకు తెలుసు. వాళ్లు పోకముందే కూర్చొని రాసుకోవాలి. పాటల చరిత్ర ఎవరో ఒకరు రాస్తారు. పద్దుల చరిత్ర మనమే రాసుకోవాలి.